తొమ్మిది గదుల పద్దు

మా ముత్తంగిలో పొద్దున్నే ఏ సందులోకి వెళ్లినా వినబడేవి రెండే చప్పుళ్లు. ఒకటి కాంక్రీటు కలిపే మిల్లరుది, రెండోది "గది ఖాళీ ఉందా సార్?" అని అడిగే గొంతుది. పక్కనే పటాన్‌చెరు, పాశమైలారం కార్ఖానాలు. ముందు బొంబాయి రోడ్డు. అది చాలదన్నట్లు ఔటర్ రింగు రోడ్డు వచ్చి ఇక్కడే దాన్ని కలిసింది. రిటైరైన నాబోటివాడు చేతికొచ్చిన నాలుగు డబ్బులతో ఇక్కడ ఏం చేస్తాడు? గదులు కట్టి అద్దెకిస్తాడు. నేనూ అదే చేశాను.

మొదట కట్టింది ఆరు గదులు. మేస్త్రీ సుద్దముక్కతో నేలమీద గీసిందే ప్లాను. ఎర్ర అట్ట పుస్తకమే పద్దు. ఎవరెప్పుడు అద్దె ఇచ్చినా అందులో రాసుకునేవాణ్ణి. రాశాననే అనుకునేవాణ్ణి.

మూడో గదిలో బరంపురం నుంచి వచ్చిన కుర్రాడొకడు ఉండేవాడు. మందుల ఫ్యాక్టరీలో పని. భార్య, చంటిపిల్ల. ఒకసారి జూన్ నెల అద్దె ఇవ్వలేదేమని అడిగితే ఇచ్చానన్నాడు. పుస్తకం తీసి చూపించాను. లేదు. "పుస్తకం అబద్ధం చెబుతుందిటయ్యా?" అన్నాను. అతను వాదించలేదు. నెల తిరక్కుండా గది ఖాళీ చేశాడు. ఆ నాలుగువేల అయిదువందలూ అడ్వాన్సులోంచి కోసుకుని మిగతాది చేతిలో పెట్టాను. నాది న్యాయమేనన్న ధీమా నాకు.

నాలుగు నెలల తరువాత ఏదో వెతుకుతూ పుస్తకం చివరి పేజీ తిప్పితే, పాలవాడి లెక్క కింద మా ఆవిడ చేతిరాత: "3వ గది, జూన్, 4500." నేను పెళ్లికి ఊరెళ్లినప్పుడు అతను ఆవిడ చేతికిచ్చాడు. వెంటనే ఫోను చేశాను. ఆ నంబరు పనిచేయడం లేదు.

2022లో పైన మరో మూడు గదులు వేద్దామనుకున్నప్పుడు, ఈసారి ప్లానూ పద్దూ రెండూ కంప్యూటరు మీదే అని శపథం పట్టాను. మా మేనల్లుడు గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేరు ఉద్యోగి. ఆదివారం లాప్‌టాప్ పట్టుకుని దిగాడు.

మొదట చూపించింది అద్దె ఇళ్ల నిర్వహణ కోసమే చేసిన విదేశీ సాఫ్ట్‌వేరు. ఎంత ముచ్చటగా ఉందని! రంగురంగుల పట్టీలు, గడువు దాటితే హెచ్చరికలు. పదిహేను రోజులు ఉచితం, తరువాత గదికింత అని నెలనెలా డాలర్లలో. అందులో అద్దెదారు పెంపుడు కుక్కకు డిపాజిట్టు రాసుకునే గడి కూడా ఉంది. మా సబ్‌మీటరు రీడింగుకూ, నీళ్ల ట్యాంకరు వాటాకూ మాత్రం చోటులేదు.

"సరేరా, డబ్బు కట్టడం మానేస్తే నా లెక్కలు ఏమౌతాయి?" అన్నాను.

"ముందే దింపుకోకపోతే లోపలికి రానివ్వరు మామయ్యా."

"అంటే అద్దె ఇవ్వలేదని సామాను లోపలే ఉంచి తాళం వేస్తారన్నమాట. ఆ పని నేనైనా చెయ్యలేదే!"

వాడు పకపకా నవ్వాడు. ఈ పద్ధతి ఇళ్లు గీసే సాఫ్ట్‌వేరుకూ వచ్చేసిందట. 1982లో పుట్టిన ఆటోకాడ్‌ను ఒకప్పుడు ఒకసారి కొంటే శాశ్వతంగా వాడుకోవచ్చు. 2016 నుంచి కొత్తగా తీసుకునేవాళ్లకు చందాయే గతి. దేశమంతా ఇంజనీర్లు వాడే సాధనం అది, వాళ్లకు గిట్టుబాటవుతుంది. మూడు గదులకోసం నాకెందుకు? రెండువందల ఫ్లాట్లున్నవాడికీ, నలుగురు గుమాస్తాలు ఒకేసారి పద్దు రాసేచోటా ఆ డాలర్ల సాఫ్ట్‌వేరే మేలు కావచ్చు. నా కొలత వేరు. గది చూడవచ్చిన కుర్రాడు నన్నడిగే ప్రశ్నలే నేనూ అడిగాను: నెలకెంత, అడ్వాన్సెంత, ఖాళీచేసేటప్పుడు నా సామాను నేను పట్టుకుపోవచ్చునా?

చివరికి గదులు గీయడానికి స్వీట్‌హోమ్ త్రీడీ అనేది దింపాము. వాళ్ల సైటునుంచి తెచ్చుకుంటే ఉచితమే. గోడ గీస్తే పక్కనే గది నిలబడి కనిపిస్తుంది. మా ఆవిడ గరిటె పట్టుకునే వచ్చి చూసి, "తలుపు తెరిస్తే పొయ్యికి కొట్టుకుంటుందండీ. చంటిపిల్లలున్నవాళ్లు ఎలా వండుకుంటారు?" అంది. నిజమే. కింది ఆరు గదుల్లో అలాగే కొట్టుకుంటోంది. ఇన్నేళ్లూ ఒక్కరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ పూటే తలుపు రెండోవైపు తిప్పాము. పాతగోడలు పైబరువు మోస్తాయా, కడ్డీ ఎంత మందం అన్నవి మాత్రం ఇంజనీరుకే వదిలాము. బొమ్మ బాగున్నంత మాత్రాన శ్లాబు నిలవదు. 2020లో టీఎస్ బీపాస్ చట్టం వచ్చింది గనక అనుమతి కాగితాలన్నీ ఆయనే ఆన్‌లైనులో పెట్టాడు.

పద్దుకు లిబ్రాఆఫీసు కాల్క్. అదీ ఉచితం. గళ్లలో అంకెలేస్తే తనే కూడే ఈ యుక్తి కొత్తదేం కాదు. 1979లో అమెరికాలో బ్రిక్లిన్, ఫ్రాంక్‌స్టన్ అనే ఇద్దరు విసికాల్క్ పేరుతో అమ్మకానికి తెచ్చినదే. సిమెంటు, ఇసుక, కూలి ఒక షీటు. అద్దెలు ఇంకొకటి: గది, నెల, పాత రీడింగు, కొత్త రీడింగు, ఇచ్చింది, బాకీ. నెలకోసారి పెన్‌డ్రైవులోకి నకలు. నాకైన ఖర్చల్లా పాత లాప్‌టాప్‌కు కొత్త బ్యాటరీ.

ఇంత చేశాక మా ఆవిడ ఒక ప్రశ్న వేసింది. "ఆ రోజు నేను మీకు చెప్పడం మరిచిపోయాను. రేపూ మరిచిపోతాను. అప్పుడు ఈ పెట్టె ఏం చేస్తుంది?"

ఏమీ చెయ్యదు. అందుకని మరునాడే బజారుకు వెళ్లి కార్బన్ పెట్టి రాసే రసీదు పుస్తకం తెచ్చాను. డబ్బెవరు పుచ్చుకున్నా చీటీ చింపి అక్కడికక్కడే ఇవ్వాలి. ఫోనులో పంపినవాళ్లకూ ఇస్తున్నాము.

షీటులో మొదటి వరుస నేనే కొట్టాను: మూడో గది, జూన్, 4500, మేము ఇవ్వవలసినది. ఎర్రరంగు వేశాను. బరంపురం వైపు నుంచి వచ్చిన ప్రతి కుర్రాణ్ణీ ఆ పేరు చెప్పి అడుగుతుంటాను. మొన్న మేనల్లుడు షీటు సరిచేస్తూ, "ఈ వరుస తీసేద్దామా మామయ్యా? ప్రతి నెలా మొత్తంలో తేడా చూపిస్తోంది" అన్నాడు.

"ఉండనీరా" అన్నాను.