నీళ్లొచ్చిన మర్నాడు

2008 అక్టోబరులో వాషింగ్టన్ మెట్రో సెంటర్ స్టేషన్ గోడల నిండా పెద్ద పెద్ద బొమ్మలు అంటించారు. కూలిన కట్టడాలు, బూడిద రంగు ఆకాశం, అణుబాంబు పడ్డాక మిగిలిన వాషింగ్టన్. లేమాన్ బ్రదర్స్ మునిగి నెల దాటింది. నా ప్రాజెక్టు ఉంటుందో ఊడుతుందో మేనేజరుకే తెలీదు. పొద్దున్నే రాక్‌విల్‌లో రెడ్ లైన్ ఎక్కి అక్కడ దిగి, ఆ శిథిలాల పక్కనుంచి బ్యాగు భుజానేసుకుని ఆఫీసుకు పోతుంటే, ఊరి జాతకం ఎవరో ముందే రాసి గోడకి అంటించినట్టుండేది.

సినిమా పోస్టర్లనుకున్నా. కాదట, వీడియో గేమ్. ఫాల్అవుట్ 3. చేసింది బెథెస్డా కంపెనీ. పేరు బెథెస్డా అయినా వాళ్ల ఆఫీసు మా రాక్‌విల్‌లోనే. అంటే మా ఊళ్లో కూర్చుని మా ఊరినే కూలగొట్టారన్నమాట. ఆ మాట వినగానే మా రూమ్‌మేట్ ఆ శనివారమే డిస్కు కొనుక్కొచ్చాడు.

రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంటులో ముగ్గురం ఉండేవాళ్లం. నేను తెనాలి. ఒకడు రాజమండ్రి, ఒకడు నల్గొండ. పేర్లు రాస్తే ఇద్దరూ ఫోన్ చేసి తిడతారు, ఊళ్లతోనే పిలుస్తా. ఎక్స్‌బాక్స్ రాజమండ్రివాడిది. సోఫా ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ ఇచ్చింది, ఒక కాలు కింద డేటాబేస్ పుస్తకం పెట్టాం. ఉన్నది ఒక్కటే కంట్రోలర్. ఒకడు ఆడుతుంటే ఇద్దరు సలహాలిచ్చేవాళ్లం. ఆడేవాడి కంటే సలహాలిచ్చేవాడికే ఆట బాగా తెలుస్తుందని అప్పుడే అర్థమైంది.

రాజమండ్రివాడు విఠలాచార్య సినిమాలు చూసి పెరిగిన ప్రాణం. కత్తి, మంత్రం, గుహ, రాక్షసుడు ఉంటే వాడికి అన్నం అక్కర్లేదు. ఇదే కంపెనీ 2006లో తెచ్చిన ఆబ్లివియన్‌ని రెండుసార్లు పూర్తి చేశాడు. అది అచ్చం జానపదమే. చక్రవర్తి చనిపోతూ ఒక పతకం మన చేతిలో పెడతాడు, ఎక్కడో గుడిలో పూజారిగా ఉన్న రహస్య రాకుమారుణ్ణి వెతికి తేవాలి. ఈలోగా నరకానికి తలుపులు తెరుచుకుంటాయి. ఆ చక్రవర్తికి గొంతిచ్చింది పాట్రిక్ స్టూవర్ట్, రాకుమారుడు మార్టిన్‌కి షాన్ బీన్.

నల్గొండవాడికి ఆ కత్తులూ కిరీటాలూ ఎక్కలేదు. ఫాల్అవుట్ మొదలెట్టిన రాత్రి మాత్రం తెల్లారిందాకా లేవలేదు. అందులో అందరూ వెతికేది బంగారం కాదు, రాజ్యం కాదు, మంచినీళ్లు. ఏ గుంటలో నీళ్లు తాగినా రేడియేషన్. బిచ్చగాడు చెయ్యి చాచి డబ్బులడగడు, శుభ్రమైన నీళ్ల సీసా ఇమ్మంటాడు.

వీడిది మునుగోడు దిక్కున ఒక పల్లె. వీడు నవ్వితే చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంటాడు. పై పళ్ల మీద గోధుమరంగు చారలు, అక్కడక్కడా గుంటలు. ఇక్కడి డెంటిస్టు కాఫీ ఎక్కువ తాగుతావా అని అడిగాడట. కాఫీ కాదు డాక్టరూ, బోరు నీళ్లలో ఎక్కువైన ఫ్లోరైడ్ అని చెప్పేసరికి వీడికి పావుగంట పట్టింది, ఫ్లోరైడ్ అంటే టూత్‌పేస్టులో వేసే మంచి సరుకని ఆయన లెక్క. వాళ్ల నాయనమ్మ నడుం వంగిపోయి, చివరి రోజుల్లో మనిషి మొహం చూడాలన్నా తల పక్కకి తిప్పి చూడాల్సి వచ్చేదట.

ఆట నిండా మేం తిరిగే చోట్లే. రాత్రి ఫ్రెండ్‌షిప్ హైట్స్ స్టేషన్ సొరంగంలో చర్మం ఊడిన పిశాచాలతో తుపాకీ యుద్ధం, పొద్దున అదే స్టేషన్ మీదుగా రైల్లో ప్రయాణం. నాలుగు వారాలు ఆ స్టేషన్ వచ్చినప్పుడల్లా కిటికీ వైపు చూడలేదు, నిజం. జెర్మన్‌టౌన్ పోలీస్ స్టేషన్ నిండా సూపర్ మ్యూటెంట్లు, అంటే ఆకుపచ్చగా ఇద్దరు మనుషుల ఎత్తు పెరిగిన భూతాలు. ఇప్పుడు నేను ఇల్లు కొనుక్కుని ఉంటున్నది ఆ జెర్మన్‌టౌన్‌లోనే.

కథ ముగిసే చోటు ఇంకా విచిత్రం. జెఫర్సన్ మెమోరియల్. ఈ ప్రాంతంలో ఉండే తెలుగువాడు అమ్మానాన్నల్ని ఏప్రిల్‌లో పిలిపిస్తే చెర్రీ పూలు చూపించడానికి తీసుకెళ్లి ఫొటో తీసే మెట్లు. ఆటలో దాన్ని నీళ్లు శుద్ధి చేసే యంత్రంగా మార్చారు. లోపలి జెఫర్సన్ కంచు విగ్రహం నీళ్ల ట్యాంకులో మునిగి నిలబడి ఉంటుంది. మన తండ్రి జీవితమంతా ఆ యంత్రం కోసం ధారపోసి, అక్కడే రేడియేషన్‌లో ప్రాణం వదిలేస్తాడు. తండ్రి గొంతు లియామ్ నీసన్‌ది.

2009 జనవరి 20. ఒబామా ప్రమాణస్వీకారం. ఊళ్లో రైళ్లన్నీ కిక్కిరిసి ఉన్నాయి, చలి చంపేస్తోంది. చరిత్రని టీవీలో చూసి, తర్వాత ఛానల్ మార్చి ఆట ముగించాం. యంత్రం పేలిపోబోతోంది. ఎవరో ఒకరు లోపలికి వెళ్లి రెండు, ఒకటి, ఆరు అని అంకెలు నొక్కాలి. వెళ్లినవాడు బతకడు. నువ్వు వెళ్తావా, పక్కనున్న యోధురాలు సారా లయన్స్‌ని పంపుతావా?

మా పక్కన ఫాక్స్ ఉన్నాడు. సూపర్ మ్యూటెంటే, కానీ చదువుకున్నవాడు, మంచివాడు, మన జట్టు. రేడియేషన్ వాడికి సోకదు. కొంతసేపటి క్రితమే అలాంటి గదిలోకే వెళ్లి, ఈ యంత్రానికి కావలసిన పెట్టె మనకోసం తెచ్చిపెట్టాడు. నల్గొండవాడు కంట్రోలర్ పట్టుకుని ధీమాగా వాణ్ణే అడిగాడు. వాడేమన్నాడంటే, ఇది నీ విధి, నేను అడ్డురాను అన్నట్టు చెప్పి చేతులు కట్టుకున్నాడు.

“అరేయ్, గీనికి రేడియేషన్ ఏం జేస్తదిరా? ఇందాకనే గా గదిలకెళ్లి పెట్టె పట్కొచ్చిండు గద! ఇయ్యాల ఏమైంది వీనికి?”

మళ్లీ లోడ్ చేశాడు. మళ్లీ అడిగాడు. మళ్లీ విధే. నాలుగోసారికి తనే లోపలికి వెళ్లి అంకెలు నొక్కాడు. తెల్లటి వెలుగు, ఒక కథకుడి గొంతు, కొన్ని బొమ్మలు, అయిపోయింది. యాభై గంటలకు పైగా ఆడిన ఆట మెయిన్ మెనూ చూపించి ఊరుకుంది.

“హీరో అన్నాక త్యాగం చెయ్యాల్రా బాబూ,” అన్నాడు రాజమండ్రివాడు సోఫాలో వెనక్కి వాలి. “మరీ చాదస్తం నీకు. ఇందుకే ఆబ్లివియన్ ఆడమన్నాను.”

ఆబ్లివియన్ ముగింపు మాత్రం ఏం వెలగబెట్టిందని నేను అందుకున్నా. రాక్షసరాజు నగరం మీద పడితే మార్టిన్ పతకం పగలగొట్టి, నిప్పుల డ్రాగన్‌గా మారి, వాణ్ణి ఓడించి రాయైపోతాడు. తలుపులన్నీ మనం మూశాం, ప్రాణాలకి తెగించి సైన్యాన్ని కూడగట్టాం, అసలు యుద్ధం మాత్రం పక్కన నిలబడి చూడాలి. పెళ్లంతా చేయించిన మేనమామని తాళి కట్టే వేళకి చెప్పుల దగ్గర కాపలా పెట్టినట్టు. రాజమండ్రివాడికి కోపమొచ్చింది. కిరీటం ఎవరిదైతే త్యాగం వాళ్లదేనట, మనం చేయించినవాళ్లమట, అందులో ఉన్న హుందాతనం నాకు అర్థం కాదట. పప్పుచారు పొయ్యి మీద మాడే దాకా వాదించుకున్నాం.

నల్గొండవాడు చాలాసేపు మాట్లాడలేదు. గిన్నె అడుగు గీకుతూ అన్నాడు: “నేను సచ్చుడు గురించి అంటలేనురా. నీళ్లొచ్చినయ్, మంచిగుంది. తెల్లారి మోటర్ ఎవడు ఏస్తడు?”

అప్పుడు చెప్పాడు బకెట్ల సంగతి. నాగపూర్ పరిశోధన సంస్థ నీరి కనిపెట్టిన పద్ధతి ఒకటుంది, పేరే నల్గొండ టెక్నిక్. నీళ్లలో పటిక, సున్నం, కొంచెం బ్లీచింగ్ పౌడర్ కలిపి కలియదిప్పి వదిలేస్తే ఫ్లోరైడ్ మడ్డితో పాటు అడుగుకి దిగుతుంది, పైన తేరిన నీళ్లు తాగొచ్చు. వీళ్ల పల్లెకి ఎవరో వచ్చి కుళాయి బిగించిన బకెట్లు పంచారు, ఫొటోలు దిగారు. కొన్నాళ్లు బాగానే నడిచింది. తర్వాత పటిక తెచ్చేవాడు రాలేదు. అమ్మ ఆ బకెట్లో బట్టలు నానబెట్టడం మొదలుపెట్టింది. టెక్నిక్‌లో తప్పు లేదని వాడే అన్నాడు. ఫొటో దగ్గర కథ అయిపోయిందనుకున్నారు, అంతే.

అప్పటిదాకా మంచి ముగింపంటే కళ్లనీళ్లు పెట్టించేదో, చప్పట్లు కొట్టించేదో అనుకునేవాణ్ణి. నాకు జానపదాల మీద చిన్నచూపు లేదు. మా అమ్మమ్మ రామాయణం పట్టాభిషేకం దగ్గర మూసి కళ్లకద్దుకునేది, ఉత్తరకాండ ముట్టనిచ్చేది కాదు. రాజు గద్దెనెక్కాడు, లోకం మునుపటిలా అయింది, ఇక ప్రశ్నలొద్దు. జానపదానికి ఆ హక్కుంది, తిరిగి వెళ్లడానికి ఒక మంచికాలం వెనకాల ఉంది కాబట్టి. మార్టిన్ తర్వాత గద్దె ఖాళీగా ఉన్నా ఆట మనల్ని అడవిలో మూలికలు ఏరుకోనిస్తుంది. ఆ రాజ్యం ఏమైందన్నది నాకు 2011లో దాని తర్వాతి ఆట స్కైరిమ్ వచ్చాక గానీ తెలీలేదు, అదీ 200 ఏళ్ల తర్వాతి కథగా. బూడిద లోకానికి ఆ వెసులుబాటు లేదు. అక్కడ గద్దె లేదు, మునుపు అన్నది కాలిపోయింది. ఉన్నదల్లా రేపే. రేపు చూపించకుండా దీపం ఆర్పేస్తే ఆడినవాడికి ఒళ్లు మండుతుంది.

మండింది మా ఒక్కళ్లకే కాదు. 2009 మే నెలలో కంపెనీ బ్రోకెన్ స్టీల్ అని అదనపు భాగం వదిలింది, పది డాలర్లు. ఇప్పుడు ఫాక్స్ లోపలికి వెళ్తాడు. మనం వెళ్లినా రెండు వారాల స్పృహలేని నిద్ర తర్వాత లేస్తాం. తమాషా ఏమిటంటే ఫాక్స్‌ని పంపితే ఆ కథకుడి గొంతు మనల్ని సన్నగా దెప్పుతుంది, తండ్రి చూపిన దారిలో నడవకుండా నిజమైన వీరుణ్ణి పంపావని. రాజమండ్రివాడు నేలమీద పడి నవ్వాడు.

నల్గొండవాడు ఆ దెప్పిపొడుపు పట్టించుకోలేదు. వాడు చూసింది వేరే. శుద్ధి చేసిన నీళ్లు ఆక్వా ప్యూరా పేరుతో సీసాల్లో, కాపలావాళ్లతో బండ్ల మీద ఊరూరా పోతున్నాయి. దారిలో దోపిడీలు. ఒకచోట ఒక మోసగాడు ఆక్వా క్యూరా అని పేరు మార్చి, మామూలు కలుషిత నీళ్లనే సర్వరోగ నివారిణిగా అమ్ముతున్నాడు. “గిదీ,” అన్నాడు వాడు, చెయ్యి అడ్డం పెట్టుకోవడం మరిచి నవ్వుతూ. “గిదిరా నిజం.”

ముగింపుల గొడవ అక్కడితో ఆగలేదు. 2012లో మాస్ ఎఫెక్ట్ 3 అనే ఇంకో ఆట మూడు రంగుల వెలుగుతో ముగిసిందని, అభిమానులు దాన్ని చేసిన కంపెనీకి 400 కప్‌కేకులు పంపారు. ఎరుపు, నీలం, ఆకుపచ్చ, ఏది కొరికినా ఒకటే వెనిలా. తెలుగు ప్రేక్షకుడికి ఆ తెలివి ఉంటే ఎన్ని సినిమా ఆఫీసులకి ఎన్ని బూందీ పొట్లాలు చేరేవో.

విషాదం వల్ల ఆటగాళ్లు అలుగుతారని నేననుకోను. 1997 నాటి మొదటి ఫాల్అవుట్ చాలా ఆలస్యంగా ఆడాను, ఒంటరిగా. కాలిఫోర్నియా కొండ లోపల, నేలమాళిగలో ఒక ఊరు. నీళ్ల యంత్రంలో చిప్పు పాడైంది. 150 రోజుల్లో బయటినుంచి కొత్తది తేవాలి. తెస్తాం, దాని వెంట వచ్చిన ఇంకా పెద్ద గండాన్నీ గట్టెక్కిస్తాం. తిరిగొస్తే ఊరిపెద్ద తలుపు ముందే ఆపేస్తాడు. నువ్వు మారిపోయావు, నిన్ను చూస్తే కుర్రాళ్లు బయటికి పోతామంటారు, లోపలికి రాకు. అంతే. ఇంతకంటే క్రూరమైన ముగింపు లేదు, కానీ దాని మీద నాకు కోపం రాలేదు. పెద్దాయన మాటలో పస ఉంది. ఆ రాత్రి తెనాలికి ఫోన్ చేద్దామనుకుని టైము చూసి మానేశా.

మొన్న 2025 ఏప్రిల్‌లో ఆబ్లివియన్‌ని కొత్త బొమ్మలతో మళ్లీ తెచ్చారు. ముందు చప్పుడు లేదు, ప్రకటించిన రోజే అమ్మకం. మా పెద్దాడు మేడమీద తలుపేసుకున్నాడు. రాజమండ్రివాడు టెక్సస్ నుంచి వీడియో కాల్ చేశాడు, యాభైకి దగ్గరపడుతున్న మనిషి, మార్టిన్ కోసం గొంతు బొంగురుపోతోంది. నల్గొండవాణ్ణి కూడా కలిపాం. వాడు సెలవు మీద ఊళ్లో ఉన్నాడు. ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నర, అక్కడ పొద్దున ఏడు.

“ఆ డ్రాగన్ అట్లనే నిలవడ్డదా ఇంకా?” అని అడిగి, ఫోను వాకిట్లోకి తిప్పాడు. కొత్త నల్లా, కింద స్టీలు బిందె నిండుతోంది. నది నీళ్లట, తియ్యగా ఉన్నాయట. పక్కనే అరుగు మీద ఇరవై లీటర్ల నీలం క్యాన్లు రెండు. అవెందుకురా అన్నా. “అమ్మకి ఇది కూడా బోరు నీళ్లే అని అనుమానం. నేను తాగి సూపెట్టిన. అయినా ఇనదు.”

వెనకనుంచి ఆవిడ గొంతు వినపడింది. “ఎవల్తోని మాట్లాడుతున్నవ్ బిడ్డా? క్యాన్ పిలగాడు వచ్చిండు, చిల్లరున్నదా?”

ఉండుండ్రి అని ఫోను అరుగు మీద పెట్టి వెళ్లాడు. బిందె నిండి పొర్లుతున్న చప్పుడు మా ఇద్దరికీ వినపడుతోంది.

“కట్టెయ్‌రా దాన్ని!” అని రాజమండ్రివాడు టెక్సస్‌లో కూర్చుని అరుస్తున్నాడు.