దుఃఖమునకు గిరి

బాలురకు సంస్కృతమును, ఇంగ్లీషును బోధించుట నా వృత్తి. రసములను, వాని స్థాయిభావములను తడుముకొనక చెప్పగలను. అట్టి నాకు నా యింటిలోని పదియేండ్ల బాలుని మనస్సు తెలియకపోయినదని చెప్పుకొనుటకు సిగ్గగుచున్నది. అయినను చెప్పెదను. ఇట్టి పొరపాటు మా యింట మాత్రమే జరుగునది కాదు.

నిరుడు మా తల్లిగారు కాలధర్మము నొందిరి. మా చిన్నవాడు ఆమె ప్రక్కను పండుకొని, కథలు వినుచు పెరిగినవాడు. ఆనాడు వాడు బావురుమనగా నేను, "ఊరుకో నాన్నా, మగపిల్లాడు ఏడవకూడదు. నువ్వేడిస్తే తాతగారు బెంగపెట్టుకుంటారు" అని మందలించితిని. వాడూరకుండెను. చుట్టములు వాని ధైర్యమును మెచ్చుకొనిరి, నేనును గర్వించితిని. పిదప వాడు చీటికిమాటికి చెల్లెలిపై చేయిచేసికొనుటయు, అన్నము తినక కంచము త్రోసివేయుటయు ఆరంభించెను. పొగరెక్కినదని తలచి రెండు మూడు పర్యాయములు కొట్టితిని కూడ.

ఈ వేసవి సెలవులలో ఒకనాడు పిల్లలతో గూడి ఒక బొమ్మల చలనచిత్రమును ఇంటనే చూచితిని. అమెరికాలోని పిక్సార్ వారు 2015లో విడుదల చేసిన 'ఇన్‌సైడ్ ఔట్' అను చిత్రమది. పదునొకండేండ్ల రైలీ యను బాలిక మిన్నెసోటా విడిచి తలిదండ్రులతో శాన్‌ఫ్రాన్సిస్కో చేరును. సంతోషము, దుఃఖము, క్రోధము, భయము, జుగుప్స అను నైదుగురు ఆమె తలలో కూర్చుండి ఆమెను నడుపుచుందురు. భరతుడు నాట్యశాస్త్రమున చెప్పిన యెనిమిది స్థాయిభావములలో నాలుగు ఇందున్నవి గదా, హాసమును సంతోషముతో సరిపెట్టుకొన్నచో ఐదును ఉన్నవి గదా యని నేను పండితునివలె లెక్క పెట్టుకొని మురియుచుంటిని.

క్రొత్త బడిలో మొదటి దినమున సంతోషము దుఃఖము చుట్టును నేలపై గిరి గీచి, దీనిని దాటి రావలదని శాసించును. అది చూచినంతనే నా లెక్కలన్నియు ఆగిపోయినవి. మా యింట ఆ గిరి గీచినవాడను నేనే!

మఱికొంతసేపటికి, రైలీ పసితనమున ఊహించుకొన్న బింగ్‌బాంగ్ అను చెలికాడు తన బండి అగాధమున పడిపోగా కూలబడును. సంతోషము వానిని నవ్వింపజూచును, ఫలము లేదు. దుఃఖము మాత్రము ప్రక్కన కూర్చుండి, వాడు చెప్పుకొనునది వినును. వాడు కరువుతీర నేడ్చి, లేచి నడచును.

అచ్చట మావాడు వెక్కివెక్కి యేడువసాగెను. చిత్రమును నిలిపి, "ఏం నాన్నా?" యంటిని.

"నాయనమ్మ మంచం ఎవరికో ఇచ్చేశారు. నన్నొక్క మాటైనా అడగలేదు."

నాకు సమాధానము తోచలేదు. "నాకూ అమ్మ గుర్తొస్తోందిరా" అని మాత్రమనగలిగితిని. నా కన్నులు చెమర్చుట చూచి చిన్నది, "నాన్నగారు కూడా ఏడుస్తారా?" అని తల్లి నడిగెను.

ఆ ప్రశ్న నన్ను వదలలేదు. ఉత్తరరామచరితమున రాముని విలాపమును ఎందఱకో వర్ణించి చెప్పితిని. రాముడు విలపించిన అది కరుణరసము. నా కుమారుడు విలపించిన పిఱికితనమా? మన యిండ్లలో మగపిల్లవానికి కన్నీరును, ఆడపిల్లకు కోపమును నిషిద్ధములు. ఒకచోట అడ్డుకొన్న నీరు మఱియొకచోట గట్టు తెంచుకొనును. వాని కోపము వేషము మార్చుకొన్న దుఃఖమే.

చిత్రములు ఔషధములు కావు. కాని, 'నాకు దుఃఖముగా నున్నది' అని చెప్పలేని బాలుడు ఒక బొమ్మను చూపి చెప్పగలడు. ఆ చిత్రమున క్రోధము ఎఱ్ఱనివాడు, దుఃఖము నీలివర్ణము గలది. మొన్న వాడలిగి కూర్చుండగా, "ఇప్పుడెవరొచ్చారు?" అని యడిగితిని. "ఎర్రవాడు. కాని వాడి వెనకాల నీలిపిల్ల ఉంది" అని వాడనెను. ఇన్నినాళ్లు వాని వీపు నడిగి తెలిసికొనలేని మాట యది.

తలిదండ్రులారా, పిల్లలతో నిట్టి చిత్రమును చూచినపుడు తరువాత పరీక్ష పెట్టకుడు, నీతి చెప్పకుడు. మీ మాట ముందు చెప్పుడు; పిదప వారి మాట వినుడు.

మఱునాడు ఆ మంచమున్న యింటికి వానిని తీసికొనిపోతిని. వాడు దానిని కొంతసేపు తడవి, "పద నాన్నా" యనెను. దారి పొడవున నాయనమ్మ కథలే చెప్పెను. వానిలో కొన్ని నాకును తెలియవు.