మాగాణి దాహం

విజయవాడలో ప్రకాశం బ్యారేజీ మీద నిలిచి దిగువకు చూసేవారికి కృష్ణా డెల్టాలో కరవు అనే మాట వింతగా తోస్తుంది. నదికి ఇరువైపులా కాలువలు, వాటి వెంట కనుచూపు మేర వరిచేలు. కాని ఈ పచ్చదనానికి మూలం ఒక కరవే. 1832-33లో వచ్చిన నందన కరవు గుంటూరు సీమను శ్మశానంగా మార్చింది. ఆ చేదు అనుభవం దరిమిలా 1855 నాటికి బెజవాడ వద్ద ఆనకట్ట పూర్తయింది. 1957లో దాని స్థానాన్ని బ్యారేజీ ఆక్రమించింది. నేడు సుమారు 13 లక్షల ఎకరాలు దీని నీటిపై ఆధారపడి ఉన్నాయి.

అయితే డెల్టాకు వచ్చే నీరు డెల్టాలో పుట్టింది కాదు. ఎక్కడో పడమటి కనుమలలో వాన కురిస్తేనే ఇక్కడి మడి తడుస్తుంది. 2002 జూలైలో దేశమంతటా వర్షపాతం సాధారణం కన్నా దాదాపు సగం తగ్గింది. అటువంటి సంవత్సరాలలో డెల్టా రైతు ఆకాశాన్ని చూసినంత ఆత్రంగా కాలువనూ చూస్తాడు.

నేల హఠాత్తుగా ఆరిపోతే మొక్క ఏం చేస్తుంది? అది కదలలేదు, కేక వేయలేదు. కాని ఊరక చూస్తూనూ ఉండదు. తడి తగ్గిన సంగతి మొదట వేళ్లకు తెలుస్తుంది. అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోను ఆ వార్తను ఆకులకు అందిస్తుంది. వెంటనే పత్రరంధ్రాలు మూసుకుంటాయి. నీటి ఆవిరి బయటికి పోవడం తగ్గుతుంది. కాని ఆ తలుపుల గుండానే కార్బన్ డయాక్సైడ్ లోపలికి రావాలి. తలుపు మూస్తే దాహం ఆగుతుంది, ఆకలి మొదలవుతుంది. చెమటపట్టని శరీరం వలె ఆకు వేడెక్కుతుంది. కనుకనే వరి ఆకు మధ్యాహ్నపు ఎండలో గొట్టంలా చుట్టుకొని, తన మీద పడే వెలుగును తగ్గించుకుంటుంది.

అనుభవజ్ఞుడైన రైతు మధ్యాహ్నం చుట్టుకున్న ఆకును చూసి బెదరడు. తెల్లవారేసరికి అది విప్పుకున్నదా లేదా అని చూస్తాడు. ఉదయం కూడా విప్పుకోని ఆకు అపాయానికి గుర్తు. అప్పటికింకా చేను పచ్చగానే కనిపిస్తుంది. లోపల మాత్రం ఆహార తయారీ ఏనాడో మందగించి ఉంటుంది.

కరవు నెమ్మదిగా వస్తే మొక్క వేళ్లను లోతుకు పంపి, ఆకులను తగ్గించుకొని సిద్ధపడుతుంది. హఠాత్తుగా వస్తే ఆ వ్యవధి ఉండదు. అందునా మాగాణి వరి నీటిలో పెరిగిన బిడ్డ. దమ్ము చేసిన మడి అడుగున గట్టిపడిన పొర దాని వేళ్లను లోతుకు పోనివ్వదు. గట్టున ఉన్న తుమ్మచెట్టు లోతైన వేళ్లతో నిబ్బరంగా నిలుస్తుంది. వరి కోతకు ముందు అదే చేలో చల్లిన మినుము, నేలలో మిగిలిన తడితో, రాత్రి కురిసే మంచుతో కాపు కాస్తుంది. వరికి ఆ ఓర్పు లేదు. పిలకల దశలో దెబ్బతిన్న పైరు నీరందితే కొంత తేరుకోవచ్చు. పొట్ట దశలోనో, పూత సమయంలోనో తడి తప్పితే గింజ పాలు పోసుకోదు. కంకి తాలుగా మిగులుతుంది. ఆ తరువాత ఎంత నీరు పెట్టినా పోయిన గింజ తిరిగి రాదు.

ఈ బాధ మొదట తగిలేది కాలువ చివరి ఊళ్లకు. సముద్రానికి చేరువైన దివిసీమలో మంచినీటి ప్రవాహం సన్నగిల్లితే ఉప్పు కూడా పైకి వస్తుంది. ఉప్పు నేలలో తడి ఉన్నా వేళ్లు దానిని తేలికగా తీసుకోలేవు. 2015లో పట్టిసీమ ఎత్తిపోతల ద్వారా గోదావరి జలాలు కృష్ణకు చేరాయి. అది డెల్టాకు గొప్ప ఊరట. అయినా నీరు ఎంత వచ్చిందన్నది ఒక ప్రశ్న. చివరి మడికి ఎప్పుడు చేరిందన్నది మరొక ప్రశ్న.

తడి తగ్గిన తొలి గడియలోనే మొక్క పొదుపు మొదలుపెడుతుంది. ఎగువ చేను రైతు తూము దించే వేళ, దిగువ చేలో ఆకులు తెల్లవారినా చుట్టుకొనే ఉన్నాయేమో చూడగలిగితే, ఆ పొదుపు వృథా కాదు.