పెండ్లిళ్ల కెమెరా, నలభై ఐదు వేల లెక్క

సాఫ్ట్‌వేరు ఉద్యోగం అనగానే ప్రింటరు బాగుచెయ్యడం, ఏ ఫోను కొనాలో చెప్పడం, ఎదురింటి పిల్లాడు ఏ కాలేజీలో చేరాలో చెప్పడం కూడా వచ్చే ఉంటాయని మన చుట్టాలందరికీ గట్టి నమ్మకం. ఈ ఎండాకాలం మొదట్లో నా ఖాతాలో కెమెరా కూడా చేరింది. మా మేనల్లుడు ఫోన్ చేసి, "మామా, నలభై ఐదు వేలున్నయ్. కెమెరా, లెన్సు, ఫ్లాషు అన్నీ గండ్లనే రావాలె. ఏది తీసుకోమంటవ్?" అన్నాడు.

వాడి వెనకాల అక్క గొంతు: "ఒక్కసారే కొంటం, మల్ల మల్ల కొనుడు నాతోని గాదని చెప్పు."

ఈ నలభై ఐదు వేలు ఎక్కడివో చెప్పాలి. మాది సిరిసిల్ల, అక్కని కోరుట్లకిచ్చారు. బావ దుబాయిలో ఉంటాడు. కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల చుట్టుపక్కల ఊళ్లలో ఇదేం వింత కాదు, గల్ఫులో మనిషి లేని వాడకట్టు దొరకడమే కష్టం. అక్క యాభై వేల చిట్టీ ఒకటి వేస్తోంది. నెలకి 2,500 చొప్పున ఇరవై నెలలు. ఆరో నెలలో పాట పాడి ఎత్తితే చేతికొచ్చినవి 45,000. అంటే కెమెరా వచ్చినా రాకపోయినా ఇంకా పద్నాలుగు నెలలు కట్టాల్సిందే. మన లెక్కలో నలభై ఐదు వేలంటే మధ్యరకం ఫోను. వాళ్ల లెక్క వేరు.

అల్లుడు డిగ్రీ అయ్యాక జగిత్యాలలో ఒక స్టూడియోలో పనికి కుదిరాడు. స్టూడియో వాళ్ల కెమెరాతో పెండ్లికి పోతే రోజుకి 1,200 ఇస్తారు. సొంత కెమెరా తెచ్చుకుంటే 3,000. తేడా 1,800. నలభై ఐదు వేలని 1,800 తో భాగిస్తే సరిగ్గా ఇరవై ఐదు. ఇరవై ఐదు పెండ్లిళ్లకి కెమెరా దాని ఖర్చు అది తీర్చుకుంటుంది. ఐతే మన ప్రాజెక్టుల్లోలాగా నెలకిన్ని అని ప్లాను గీయడానికి లేదు. పుష్యంలో పెండ్లిళ్లుండవు, ఆషాఢంలో ఉండవు, భాద్రపదంలో ఉండవు, మధ్యలో మూఢం వస్తే అదో బ్రేకు. ముహూర్తాలున్నప్పుడు మాత్రం ఒకే రోజు మూడేసి. ఆ రోజుల్లో కెమెరా మొరాయిస్తే ఆ డబ్బు మళ్లీ రాదు.

వాడికి ముందునుంచీ మనసు మిర్రర్‌లెస్ మీద. కెనాన్ ఆర్50 కావాలన్నాడు. కిట్ లెన్సుతో కలిపితే అరవై వేలు దాటుతోంది. ఈఎంఐ అన్నాడు. చిట్టీ మీద ఈఎంఐ కట్టమని అక్కకి చెప్పే ధైర్యం నాకు లేదు.

నిజానికి తక్కువ డబ్బున్నవాళ్లకి ఇంతకన్నా మంచి కాలం రాలేదు. 2003లో కెనాన్ 300డీ వచ్చినప్పుడు వెయ్యి డాలర్లలోపు డిజిటల్ ఎస్సెల్లార్ అని లోకమంతా చెప్పుకున్నారు. 2008 ప్రాంతాల్లో మేమంతా ఆఫీసు క్యాంటీనులో కూర్చుని కెనాన్ 450డీనా, నికాన్ డీ60నా అని కాఫీలు చల్లారిపోయేదాకా కొట్టుకునేవాళ్లం. ఇప్పుడు కెనాన్, నికాన్ రెండూ 2020 తర్వాత కొత్త డీఎస్సెల్లార్ తేలేదు. డబ్బున్న ఫొటోగ్రాఫర్లంతా మిర్రర్‌లెస్‌కి మారిపోతూ పాతవి అమ్మేస్తున్నారు. ఒకప్పుడు బాడీకే డెబ్బై వేలు పోసినవి సెకండ్‌హ్యాండులో మూడోవంతుకి దొరుకుతున్నాయి. కంపెనీ ఆపేసిందని కెమెరా ఫొటో తియ్యడం మానెయ్యదు కదా. మన బ్యాంకుల్లో ఇంకా కోబాల్ నడుస్తోంది :)

సరే, ఏ కెమెరా అన్న ప్రశ్న పక్కన పెట్టి ముందు వెలుతురు సంగతి చూద్దామన్నాను. ఆఫీసులో ఒకాయన దగ్గర నికాన్ డీ5300, దాంతో వచ్చిన 18-55 లెన్సు, ఒక 35 ఎఫ్/1.8 లెన్సు రెండు రోజులకి అడిగి తీసుకుని సిరిసిల్ల పోయాను. అల్లుణ్ణి అక్కడికే రమ్మన్నాను. పెండ్లిపందిరి ఎక్కడ దొరుకుతుంది పరీక్షకి? కానీ చీకటి, కదలిక రెండూ ఉన్న చోటు మా ఇంట్లోనే ఉంది. నాన్న సాంచాల షెడ్డు.

సాంచా అంటే మరమగ్గం, మా వైపు మాట. నాన్న ఆసామి. సేటు బీములు, నూలు ఇస్తే నాలుగు సాంచాల మీద గుడ్డ నేయించి ఇచ్చి, మీటరుకింత అని కూలి తీసుకునేవాడు. 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డర్లు వచ్చిన కొన్నేళ్లు నాలుగూ రాత్రింబగళ్లు ఆడాయి. ఇప్పుడు రెండే ఆడుతున్నాయి. మిగతా రెండూ పాత ఇనుము కింద పోయే రోజు దూరం లేదని నాన్నే అంటాడు. రేకుల కప్పు, గోడకి పైన రెండు కిటికీలు, నూలు ధూళి పట్టిన ట్యూబులైట్లు. లోపల నిలబడితే పక్క మనిషి మాట వినపడదు.

18-55 ని జూమ్ చివరికి తెస్తే అది ఎఫ్/5.6 కన్నా తెరుచుకోదు. 35 ఎఫ్/1.8 దాకా పోతుంది. 5.6 ని 1.8 తో భాగించి వర్గం చేస్తే దగ్గర దగ్గర పది. అంటే అదే చీకట్లో పది రెట్లు వెలుతురు లోపలికొస్తుంది. లెక్కగా చెప్తే వాడు తల ఊపాడు గానీ నమ్మలేదు. షటరు 1/100 దగ్గర ఆపి చూపించాను. 35 కి ఐఎస్ఓ 800 సరిపోయింది. 18-55 కి ఎనిమిది వేల దాకా పోవాల్సి వచ్చింది, నాన్న మొహమంతా ఇసక చల్లినట్టు గరగర. అప్పుడు నమ్మాడు.

1/100 ఎందుకంటే, మన కరెంటు 50 హెర్ట్జులు. పాత చోకు ట్యూబులైటు సెకనుకి వందసార్లు మినుకుతుంది. 1/100 గానీ 1/50 గానీ పెడితే ప్రతి ఫొటోలోనూ పూర్తి మినుకు పడి వెలుతురు ఒకేలా ఉంటుంది. 1/250 పెట్టి వరసగా కొడితే ఒకటి తెల్లగా, ఇంకొకటి పసుప్పచ్చగా వస్తాయి. ఫంక్షన్ హాళ్లలో చవకరకం ఎల్‌ఈడీ లైట్లతోనూ ఇదే తంటా. స్టూడియోలో రెండేళ్లుగా పనిచేస్తున్నా వాడికిది ఎవరూ చెప్పలేదట. "మా కాడ కలర్ తేడా వస్తె కెమెరాని తిడ్తరు మామా" అన్నాడు. 1/100 తో నాడె మాత్రం ఆగలేదు, తెల్ల గీతలా సాగిపోయింది. నాకు అదే నచ్చింది. నాన్న చెయ్యి నిలకడగా ఉండి, నాడె పరుగెత్తుతున్నట్టు పడింది.

అలాగని 35 కొనుక్కోమని చెప్పలేదు. పెండ్లిలో ఒకే దూరం నుంచి తీసే వీలుండదు. జీలకర్ర బెల్లం పెట్టే నిమిషంలో మండపం మీద పంతులుగారు, మేనమామలు, ఇద్దరు వీడియో వాళ్లు, ఫోన్లెత్తిన పాతికమంది. వెనక్కి జరగడానికి చోటుండదు, లెన్సు మార్చడానికి టైముండదు. అందుకే ఒక జూమ్ కావాలి, అది ఎంత జూమ్ చేసినా ఎఫ్/2.8 దగ్గరే ఉండాలి. టామ్రాన్ 17-50 ఎఫ్/2.8 అని 2006 నాటి లెన్సొకటుంది. అంచులు కొంచెం మెత్తగా వస్తాయి, ఫోకసు మోటారు చప్పుడు చేస్తుంది. ఐనా 17 దగ్గర మండపం మొత్తం పడుతుంది, 50 దగ్గర పెళ్లికూతురు మొహం పడుతుంది. 18-55 చివరతో పోలిస్తే నాలుగు రెట్లు వెలుతురు. షెడ్డు లెక్కలో చెప్పాలంటే ఎనిమిది వేల ఐఎస్ఓ బదులు రెండు వేలు. దాన్ని ఏ కెమెరా ఐనా మోస్తుంది.

బాడీ దగ్గర అసలు పేచీ వచ్చింది. వాడు కెనాన్ 200డీ అంటాడు. 2017 నాటిది, చిన్నది, తేలిక, డ్యూయల్ పిక్సెల్ ఫోకసు వల్ల వీడియో బాగా వస్తుంది. నేను నికాన్ డీ7200 అంటాను. 2015 నాటిది, బరువు, వీడియోలో ఫోకసు వెతుక్కుంటూ తిరుగుతుంది. రీల్స్ తియ్యలేని కెమెరా ఈ రోజుల్లో ఎవడికి కావాలి మామా అని వాడి వాదన. వాదనలో పస ఉంది. కానీ వాడి స్టూడియోలో వీడియోకి గింబలు పట్టుకుని వేరే మనిషి వస్తాడు, రీల్స్ ఫోనుతోనే తీస్తున్నారు. వీడికి 3,000 ఇచ్చేది ఫొటోలకి, కరిజ్మా ఆల్బంకి.

డీ7200 లో రెండు కార్డులు పడతాయి. ఒక్కో ఫొటోని రెండింటి మీదా రాయమని పెట్టుకోవచ్చు, మన భాషలో రెయిడ్ వన్ అన్నమాట. 200డీలో ఒకటే కార్డు. తలంబ్రాల ఫొటోలున్న కార్డు చదవట్లేదని పెళ్లివాళ్లకి చెప్పాల్సి వస్తే ఏమవుతుందో ఊహించుకోండి. ప్రొడక్షన్ డేటాబేసు పోతే మనకి మేనేజరు తిట్లతో సరిపోతుంది. అక్కడ ఊరంతా తెలిసిపోతుంది, మళ్లీ ఎవరూ పిలవరు. అక్క పక్కనుంచి వింటూ, "రెండు కార్డులదే తీసుకోరాదుర, గది వోతె ఇది ఉంటది" అంది. ఆర్కిటెక్చర్ రివ్యూ అక్కడితో అయిపోయింది.

ఇంకో సంగతి కూడా ఉంది, అది ఏ రివ్యూ సైటూ రాయదు. వాడి స్టూడియోలో లెన్సులన్నీ నికానువి. 70-200 ఎఫ్/2.8 లాంటిది వీడు ఇప్పట్లో కొనలేడు గానీ, పెద్ద పెండ్లి ఉన్నప్పుడు అడిగి తగిలించుకోవచ్చు. జేబులో డబ్బు తక్కువున్నప్పుడు మన చుట్టూ ఉన్నవాళ్ల బ్యాగుల్లో ఏముందో చూసి కొనడమే తెలివి. స్టూడియోలో అందరూ కెనాను వాడుతుంటే నేను కళ్లు మూసుకుని కెనానే చెప్పేవాణ్ణి. ఈ కంపెనీ గొప్పా ఆ కంపెనీ గొప్పా అని నెట్లో జరిగే యుద్ధాలు చాలావరకు కాలక్షేపం.

బావ కూడా దుబాయి నుంచి ఫోన్ చేసి అక్కడ కొని తెస్తానన్నాడు. అక్కడ కొన్న కెమెరాకి ఇక్కడ వారంటీ చేస్తారో లేదో ముందే కనుక్కోవాలి. పైగా ఆయన వచ్చేది దసరాకి, ముహూర్తాలు వేసవిలో.

ఇక వెతుకులాట. మూడు శనివారాలు పట్టింది. సెకండ్‌హ్యాండు కొనేవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నా. నికాన్ ఐతే ఒక ఫొటో తీసుకుని, ఆ జేపెగ్ ఫైలు వివరాలు చూపించే సైటులో వేస్తే షటరు ఎన్నిసార్లు కొట్టిందో తెలిసిపోతుంది. డీ7200 షటరుకి కంపెనీ చెప్పిన ఆయుష్షు లక్షా యాభై వేలు. కోఠి దిక్కు ఒక షాపులో "ఇంట్లో వాడింది సార్, పెద్దగా తియ్యలేదు" అంటూ చూపించింది లక్షా ఇరవై వేలు దాటి ఉంది. ఎఫ్/16 పెట్టి తెల్ల గోడని తీస్తే సెన్సారు మీద మచ్చలు కనపడతాయి. లెన్సులో వెనక నుంచి ఫోను టార్చి వేసి చూస్తే బూజు సాలెగూడులా తెలుస్తుంది. మొదటి టామ్రాన్‌లో అదే కనపడింది, దణ్ణం పెట్టి వచ్చేశాను. రెండు కార్డులూ పెట్టి చూడాలి. ఫ్లాషు తగిలించే చోట తుప్పుందేమో చూడాలి.

చివరికి ఒక ఐటీ ఆయన దగ్గరే దొరికింది. పిల్లాడు పుట్టినప్పుడు కొన్నాడట, వాడిప్పుడు ఫొటోకి నిలబడట్లేదట. షటరు 31,000. బాడీకి 26,000 తీసుకున్నాడు. లెన్సు ఇంకోచోట 11,000. కొత్త గోడాక్స్ ఫ్లాషు 5,500. రెండు కార్డులు 1,800. మొత్తం 44,300. మిగిలిన ఏడు వందలు బస్సు చార్జీలకి. బ్యాగు కొనలేదు, నా పాత ల్యాప్‌టాప్ బ్యాగులో తువ్వాలు చుట్టి ఇచ్చాను.

వీధిలో పగటిపూట ఫొటోలకి మాత్రం ఇంత తతంగం అక్కర్లేదని నా అభిప్రాయం. మీరు ఊరికి పోయినప్పుడు కొండగట్టులోనో, ధర్మపురి గోదారి ఒడ్డునో తీసుకునే ఫొటోలకి ఫోను చాలు, ఇంకా బాగానే వస్తాయి. చీకటి, కదిలే మనుషులు, మళ్లీ తియ్యడానికి వీల్లేని నిమిషం, ఈ మూడూ ఒకచోట పడినప్పుడే పెద్ద సెన్సారూ పెద్ద లెన్సూ డబ్బుకి తగిన పని చేస్తాయి. పెండ్లిలో మూడూ ఉంటాయి.

నాన్న ఫొటో ఒకటి ప్రింటు వేయించి పంపాను. ఆయన తన మొహం చూసుకోలేదు. "పోగు తెగింది గిక్కడ, కనవడ్తలేదా?" అని వేలు పెట్టి చూపించాడు. నిజమే, ఎడమ పక్క ఒక పోగు తెగి వేలాడుతోంది. నేనూ అల్లుడూ స్క్రీన్ మీద అంత పెద్దది చేసి చూసి కూడా గమనించలేదు.

నిన్న రాత్రి అల్లుడు లెక్క పంపాడు. ఇప్పటికి పదకొండు పెండ్లిళ్లు, ఇంకా పద్నాలుగు. అక్కకి కట్టాల్సిన చిట్టీలు పది. ఇప్పుడు ఆషాఢం, శ్రావణం దాకా పని లేదు. ఖాళీగా ఉన్నాడు కాబట్టి 85 ఎఫ్/1.8 సెకండ్‌హ్యాండులో ఎంతకొస్తదో కనుక్కోమన్నాడు. అక్కకి మాత్రం ఇప్పుడే చెప్పొద్దన్నాడు.