మేడపైని తోట

చదువరులారా, మేము పానశాలకు పోయి వచ్చితిమి. తొందరపడి మమ్ము వెలివేయకుడు. త్రాగినది నిమ్మరసము మాత్రమే. మాతో పనిచేయు ఉపాధ్యాయు లొకరు, తమ కుమారునకు కొలువు దొరకినదని మమ్ము విందుకు పిలిచిరి. ఉప్పలునుండి నాచారము పోవు దారిలో అయిదంతస్తుల మేడపైని తోటలో విందని చెప్పిరే కాని, అచట మద్యమును అమ్ముదురని చెప్పలేదు.

2017లో మెట్రోరైలు వచ్చిన పిదప ఉప్పలులో నేల కనబడుట అరుదైనది. ఎటు చూచినను స్తంభములు, దుకాణములు, వాహనముల పొగ. నాచారమువైపు పోయినచో కర్మాగారముల రేకుల కప్పులు. చెట్టు కావలెనన్న లిఫ్టు నెక్కవలెను. ఎక్కి చూతుము కదా, నిజముగా తోటయే! నీలిరంగు పీపాలను సగమునకు కోసి, మట్టితో కొబ్బరిపీచు కలిపి నింపి, అరటిని, వెదురును, తీగలను పెంచినారు. కాలిక్రింద పచ్చగడ్డి కనబడగా ముచ్చటపడి చెప్పులు విడిచి అడుగు పెట్టితిమి, అది ప్లాస్టిక్కు.

సంస్కృతము చదివినవారికి ఇట్టిచోట ఒక యాపద కలదు. ప్రతిదానిని కాళిదాసు ముందే చూచినట్లు తోచును. మేఘసందేశములో అలకాపురి యక్షులు, నక్షత్రముల నీడలే పూవులుగా అమరిన స్ఫటికపు మేడలపై స్త్రీలతో కూర్చుండి, కల్పవృక్షమునుండి పుట్టిన మధువును సేవింతురు. ఇరువది యేండ్లుగా ఆ ఘట్టమును చదువుచున్నాము. ఆ పాత్రలను కడిగినవా రెవరో కవి చెప్పలేదని ఆ రాత్రివరకు మాకు తోచనే లేదు.

పళ్లెముతో వచ్చిన కుఱ్ఱవాడు మమ్ము చూచి నిలిచిపోయెను. “నమస్తే సార్” అని తల వంచెను. ఆరేండ్ల క్రిందట వాడు మా బడిలో పదవ తరగతి చదివినాడు. ఆ యేడు మద్యపానమువలని కీడులనుగూర్చి మేము పెట్టిన వ్యాసరచన పోటీలో మొదటి బహుమానము వానిదే. బహుమానముగా నిఘంటువు నిచ్చితిమి.

మద్యనిషేధ మన్నచో మాకు చిన్ననాటి అభిమానము. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాయిపై తిరుగబడిరి. 1993లో సారాయి, 1995 జనవరిలో మద్య మంతయు నిషిద్ధమైనది. 1997లో ఆ నిషేధము తొలగెను. మద్యనిషేధమునకై ప్రభుత్వము ప్రయత్నింపవలెనని రాజ్యాంగపు 47వ అధికరణము ఇప్పటికిని చెప్పుచున్నది. ఆ మాటను మేము ఏటేట నల్లబల్లపై వ్రాయుచున్నాము. ఖజానా లెక్కలలో వేఱు మాట వ్రాయబడుచున్నది.

న్యాయమునకు ఒక మాట చెప్పవలెను. ఆ తోటలో కేకలు లేవు, తిట్లు లేవు. మా తాతలనాడు చాటుగా త్రాగి వచ్చిన భర్త ఎంత త్రాగెనో ఇల్లాలు వాని తడబాటునుబట్టి ఊహింపవలసి యుండెడిది. ఇచట ప్రక్కనే కూర్చుండి గ్లాసులు లెక్కింపవచ్చును. మా ప్రక్కబల్లకడ ఒకామె లెక్కించుచుండెను కూడ. ఆమె ముందున్న అన్నము చల్లారిపోయినది.

చేతులు కడుగుకొనుచోట వాడు మాకు ఒంటరిగా దొరికెను.

“ఇక్కడ నున్నా వేమిరా?”

“నాయిన పోయిండు సార్. తాగుడే. చెల్లె ఇంటర్ చదువుతున్నది, ఫీజు కట్టాలె.”

తండ్రిని తీసికొనిపోయిన వస్తువే బిడ్డలకు అన్నము పెట్టుచున్నది! మే మేమనగలము? పని ఎట్లున్నదని మాత్రము అడిగితిమి.

“మొక్కలకు నీళ్ళు పోసుడు మంచిగుంటది సార్. రాత్రే…” అని ఆగెను. “వీళ్ళు మా నాయిన లెక్క లొల్లి పెట్టరు. నవ్వుకుంట తాగుతరు. ఆఖరుకు కారు తాళాలు మేమే చేతికియ్యాలె.”

బయలుదేరునపుడు నూఱు రూపాయలు చేతిలో పెట్టబోగా చేయి వెనుకకు తీసికొనెను. “మీ దగ్గరనా సార్?” అని, కొంతతడ వాగి, “నైటు డ్యూటీ చేసుకుంట ఓపెన్ స్కూలుల ఇంటర్ కట్టొచ్చా సార్?” అని యడిగెను. కట్టవచ్చునని చెప్పి, బిల్లు వెనుక మా ఫోను సంఖ్య వ్రాసి యిచ్చితిమి.

మూడు వారములైనది. తెలియని సంఖ్యనుండి ఫోను మ్రోగినప్పు డెల్ల పాఠ మాపి చూచుచున్నాము.