ఏసీ గదికి అర్హులెవరు?

మేము కాపురముంటున్న వెస్ట్ మాంబళం ఫ్లాట్లు 1984లో కట్టినవి. స్లాబు పెచ్చులూడుతోంది, మేడమీద నీళ్ల తొట్టి కారుతోంది. పడగొట్టి కొత్తగా కట్టుకుందామని పన్నెండు కుటుంబాలవాళ్లమూ సంతకాలు చేశాం. రెండేళ్లు అద్దె ఇల్లు తప్పదు. దొరికిన ఇల్లు ఇప్పటి దాంట్లో సగం ఉంటుంది. అమ్మ, నేను, నా శ్రీమతి అందులో సర్దుకుంటాం. సామాను సర్దుకోదు.

పూనాలో ఉన్న మా అమ్మాయి ఫోనులో ఉపాయం చెప్పింది. "నెల అద్దెకు సామాను గదులిస్తారు నాన్నా. తాళం మన దగ్గరే ఉంటుంది. మామూలువీ ఉంటాయి, ఏసీవీ ఉంటాయి." ఊరి చివర అలాంటివి రెండు వెళ్లి చూశాను. యాభై చదరపు అడుగుల గది మామూలుదైతే నెలకు నాలుగు వేలు, ఏసీదైతే ఏడు వేలు చెప్పారు. తేడా మూడు వేలు. ఇరవైనాలుగు నెలలకు డెబ్భై రెండు వేలు, పన్ను అదనం. బి.కాం. చదివి ముప్ఫై ఏళ్లు బ్యాంకులో గడిపినవాడిని. అంత ఖర్చుకు ఎదుటి వరుసలో ఏముందో చూడకుండా సంతకం పెట్టలేను. "మీ లెక్క తేలేలోపు ఇల్లు పడగొట్టేస్తారు" అని శ్రీమతి దెప్పింది.

నా జంకుకు వేరే కారణం ఉంది. 2005లో నాకు నాగపూరు బదిలీ అయింది. నాన్నగారూ అమ్మా మాతోనే వచ్చారు. నాన్నగారి దగ్గర 'భారతి' మాసపత్రిక పాత సంచికలు బైండు చేయించినవి ముప్ఫై సంపుటాల దాకా ఉండేవి. 1924లో ఈ మద్రాసులోనే కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు మొదలుపెట్టిన పత్రిక అది. మా ఇంటి సంపుటాల్లో అచ్చు పక్కనే నాన్నగారి పెన్సిలు రాతలుండేవి. నచ్చిన వ్యాసంతో మాట్లాడినట్టు, నచ్చని వ్యాసంతో పోట్లాడినట్టు రాసుకునేవారు. లారీలో బరువవుతుందని నేను సగమే తీసుకువెళ్లనిచ్చాను. తక్కిన సగం ఇక్కడే ఒక గదిలో పెట్టి తాళం వేశాను. జాగ్రత్త ఎక్కువై ఒక్కొక్క కట్టనూ ప్లాస్టిక్ కాగితంలో గాలి చొరకుండా చుట్టి టేపు అంటించాను కూడా.

2008లో తిరిగి వచ్చి విప్పితే పేజీలు ఒకదానికొకటి అతుక్కుని అట్టముక్కల్లా ఉన్నాయి. మీద నల్లటి బూజు. చుట్టిననాడు కాగితంలో ఉన్న చెమ్మ బయటికి పోయే దారి నేనే మూసేశాను. నాగపూరు వెళ్లిన సగం మాత్రం నిక్షేపంగా ఉంది. అక్కడి పొడి ఎండలు మేలు చేశాయనుకుంటాను. నాన్నగారు వాటిని రోజూ తిరగేస్తుండడమూ ఒక కారణం కావచ్చు. ఆయన నన్నేమీ అనలేదు. "ఎండలో పెట్టరా, చూద్దాం" అన్నారు. నాలుగు రోజులు మేడమీద ఆరబెట్టారు. అయిదో రోజు ఆయనే ఒక్కొక్క కట్టా కిందికి మోసుకెళ్లి చెత్తబండి వచ్చే చోట పెట్టారు. నేను సాయం వెళ్లబోతే వద్దన్నారు. 2014లో ఆయన పోయారు. ఆ పుస్తకాల మాట మా ఇద్దరి మధ్య మళ్లీ రాలేదు.

అదే నాగపూరు అమ్మ వీణకు గిట్టలేదు. మే నెల వేడికి మెట్లను పట్టి ఉంచే మైనం మెత్తబడి, మెట్లు పక్కకు జరిగాయి. ఇక్కడికి వచ్చాక మేళం మళ్లీ కట్టించాల్సి వచ్చింది. పుస్తకానికి శత్రువు చెమ్మ, వీణకు వేడి. ఒకే లారీలో వెళ్లివస్తే గాని నాకీ సంగతి తెలియలేదు.

అందుకని ఈసారి జాబితా రాశాను. మొదట అలవాటు కొద్దీ ప్రతి వస్తువుకూ ఎదురుగా ధర వేశాను. తర్వాత ఆ వరుస కొట్టేసి 'దేనివల్ల చెడుతుంది' అని రాశాను. గుంటూరులో పనిచేసిన రోజుల్లో కోల్డ్ స్టోరేజీలోని మిర్చి బస్తాల మీద అప్పులిచ్చేవాళ్లం. రంగు పోతే మిర్చికి ధర పోతుంది కనుక రైతు చల్లని గదికి అద్దె కడతాడు. బియ్యం బస్తాలకు ఎవరూ కట్టరు. మా ఇంట్లో అన్నిటికంటే ఖరీదైనది టేకు మంచం. దానికి ఏసీ అక్కర్లేదు, చెద పట్టకుండా నేలకు ఎత్తుగా ఉంటే చాలు. ఇత్తడి బిందెలు నల్లబడితే చింతపండు ఉండనే ఉంది. స్టీలు సామాను సంగతి చెప్పనే అక్కర్లేదు. ఫోటోలు, నాన్నగారి పుస్తకాలు, కొలువు బొమ్మలు - అమ్మితే వెయ్యి రూపాయలు రానివన్నీ ఏసీ వరుసలో తేలాయి. మట్టిబొమ్మల మీది రంగు చెమ్మకు పొరలుగా లేస్తుంది. ఆంధ్రదేశంలో చాలామంది సంక్రాంతికి కొలువు పెడతారు, ఇక్కడివాళ్లతో కలిసి మేము దసరాకే పెడతాం. సరిగ్గా చెన్నై వానలు మొదలయ్యే ముందు బొమ్మలు బయటికి వస్తాయి, వానల్లోనే మళ్లీ పెట్టెలోకి వెళతాయి!

ఇక ఏసీ అన్నది నిజమేనా అన్న ప్రశ్న. తాకట్టు సరుకు తనిఖీకి వెళ్లినప్పుడు బస్తాల వరుసలో లోపలిదాన్ని కూడా పొడిచి చూడడం మాకు నేర్పారు. చల్లదనం వేరు, పొడితనం వేరు. గాలిలో తేమ 70 శాతం దాటి రోజుల తరబడి అలాగే ఉంటే బూజు పడుతుంది. కాగితానికి యాభై అటూ ఇటూగా, హెచ్చుతగ్గులు లేకుండా ఉండడం మేలు. పగలంతా ఏసీ వేసి రాత్రి కట్టేస్తే తేమ మళ్లీ ఎక్కుతుంది. కొన్ని వందల రూపాయలకు తేమ చూపించే చిన్న మీటరు కొని, మేనేజరును బతిమాలి రెండు గదుల్లోనూ చెరొక రోజు పెట్టించాను. మామూలు గదిలో 78 చూపించింది. ఏసీ గదిలో మధ్యాహ్నం 54, తెల్లవారి తలుపులు తీసేసరికి 66. "ఏసీ రాత్రిళ్లు ఆపుతారా?" అని అడిగాను. ఆ అబ్బాయి కాసేపు నసిగి "కరెంటు బిల్లు సార్" అన్నాడు. రెండో చోట తేమ లాగే యంత్రం విడిగా ఉంది. రాత్రీ పగలూ 55 దాటలేదు. అద్దె అయిదు వందలు ఎక్కువ.

ఒప్పందం కాగితం కూడా చదవండి. నేను చదివిన రెండింటిలోనూ సామాను చెడితే బాధ్యత మనదే అని చిన్న అక్షరాల్లో ఉంది. బ్యాంకు లాకర్లకు రిజర్వు బ్యాంకు 2021లో ఒక నియమం పెట్టింది. దొంగతనం, అగ్నిప్రమాదం, భవనం కూలడం, ఉద్యోగి మోసం వంటివి జరిగితే బ్యాంకు ఏడాది అద్దెకు నూరు రెట్ల దాకా ఇవ్వాలి. ఈ గదులకు ఆ నియమం వర్తించదు. దస్తావేజులు, బంగారం అందులో పెట్టాలనుకునేవారు ఆ ఆలోచన మానుకోవడం మంచిది.

జాబితా పట్టుకుని అమ్మ దగ్గర కూర్చున్నాను. ఆవిడకిప్పుడు ఎనభై రెండు. అంతా విని, "వీణ ఏ వరుసలో రాశావురా?" అంది.

"ఏసీలోనే అమ్మా."

"అక్కడ దాన్ని ఎవరు ముట్టుకుంటారు?"

నా దగ్గర జవాబు లేదు. అమ్మ వేళ్లు ఇప్పుడు సరిగా వంగవు, అయినా సాయంత్రం కాసేపు మీటుతుంది. వీణ అమ్మ మంచం పక్కకే వెళ్లింది. అందుకోసం నా రాతబల్ల వదులుకున్నాను. పట్టుచీరలు శ్రీమతి బీరువాలోనే ఉన్నాయి. కలరా ఉండలు జరీకి తగలకుండా గుడ్డలో మూటకట్టి పెట్టింది. టేకు మంచం మా తమ్ముడు తీసుకువెళ్లాడు. నాన్నగారి గొంతు ఉన్న క్యాసెట్టును దాచడం కంటే కాపీ చేయించడం నయమని చేయించాను. ఇత్తడిలో సగం బంధువులకు పంచేశాం. ఇంతా చేస్తే ఏసీకి మిగిలినవి తొమ్మిది పెట్టెలు. యాభై అడుగుల గది అవసరం లేకపోయింది, బీరువా అంత అర నెలకు రెండు వేలకు సరిపోయింది. అమ్మాయి నవ్వింది. డెబ్భై రెండు వేల కోసం మూడు వారాలు నిద్రపోలేదు కదా నాన్నా అంది.

పుస్తకాలను ఈసారి పాత నూలు చీరలో చుట్టాను, ప్లాస్టిక్ తగలనివ్వలేదు. ప్రతి నెలా మొదటి శనివారం వెళ్లి మీటరు చూస్తాను. వస్తూ ఒక 'భారతి' సంపుటం అమ్మ కోసం తెస్తాను, ముందు నెలది తిరిగి పెడతాను. ఆవిడ అచ్చు చదవదు, పక్కన పెన్సిలు రాతలు భూతద్దం పెట్టి చదువుతుంది. గేటు దగ్గర రిజిస్టరులో 'వచ్చిన పని' అనే గడి ఉంటుంది. మొన్న కాపలా కుర్రవాడు నన్ను అడగకుండానే అందులో 'లైబ్రరీ' అని రాసుకున్నాడు.