ఫోను ఎవరిదని అడిగితే చాలదు

విశాఖ నుంచి పాడేరు వెళ్లే బస్సు చోడవరం, మాడుగుల దాటి గరికబంద చెక్‌పోస్టు దగ్గర ఘాట్ అందుకోగానే నా ఫోనులో సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే తగ్గిపోయాయి. అమ్మవారి పాదాల దగ్గర డ్రైవరు బస్సు ఆపి దండం పెట్టుకున్నాడు. ఆ పాటికి సగంమంది ఫోన్లు జేబుల్లో పడేశారు. నేను వెళ్తున్న పని కూడా ఆ ఫోన్ల గురించే. ఊళ్లో ఫోనూ నెట్టూ ఎవరి చేతిలో ఉన్నాయి, దేనికి వాడుతున్నారు అన్నది ఆ ఊరి పిల్లలే ఆరా తీసి రాసుకునేలా తర్ఫీదు ఇవ్వాలి.

లెక్కలు లేక కాదు ఈ పని. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడినవాళ్లు 21 శాతం, మగవాళ్లలో 48.8 శాతం. సొంతంగా వాడుకునే ఫోను ఉన్న ఆడవాళ్లు సగానికి కాస్త తక్కువ. రాష్ట్రం మొత్తానికి తీసిన సగటులో కొండమీద ఊరు ఎక్కడ కనబడుతుంది? ఇంటికో ఫోను ఉన్నా పగలంతా అది ఎవరి జేబులో తిరుగుతుందో, ఓటీపీ వస్తే ఎవరు చదివిపెడతారో ఆ అంకెలు చెప్పవు.

తర్ఫీదు ఓ సామాజిక భవనంలో. వచ్చినవాళ్లలో డిగ్రీ మధ్యలో ఆపేసిన కుర్రాళ్లున్నారు, పొదుపు సంఘం పుస్తకాలు రాసే ఓ అప్ప ఉంది, ఉపాధి పనిలో మేట్‌గా చేసిన అబ్బాయి ఉన్నాడు. కొందరి ఇంట్లో కువి, కొందరి ఇంట్లో ఆదివాసీ ఒడియా. నాకు రెండూ రావు. మధ్యాహ్నానికల్లా వాళ్లే ప్రశ్నలన్నీ తమ మాటల్లోకి మార్చేసుకుని, నాకు తెలుగులో వివరించడం మొదలెట్టారు.

వాళ్లను వాలంటీర్లని మాత్రం ఎవరూ పిలవొద్దని ముందే తీర్మానించుకున్నాం. 2019 ఆగస్టు 15న మొదలై, 50 ఇళ్లకొకరు చొప్పున తిరిగిన గ్రామ వాలంటీర్లు జనానికి ఇంకా గుర్తే. ఆ పేరు చెబితే ముసలివాళ్లు పింఛను సంగతి ఎత్తుతారు. అందుకని ‘సర్వే పిల్లలు’ అన్నాం.

సొంత ఊరివాళ్లయితే అన్నీ తేలికని పట్నంలో కూర్చున్నవాళ్లు అనుకుంటారు. నా అనుభవంలో సొంత ఊరే అసలు చిక్కు. ఓ కుర్రాడు వాళ్ల పిన్నిని ప్రశ్న అడిగి, ఆమె నోరు తెరిచేలోపే జవాబు రాసేశాడు. అదేమిటంటే, “మా పిన్నే కదా సార్, నాకు తెలీదా” అన్నాడు. తెలిసింది వేరు, ఆమె చెప్పింది వేరు అని ఒప్పించడానికి పూటంతా పట్టింది. చివరికి ఆ అప్పే దారి చూపించింది. నోటుబుక్కులో పేజీకి నిలువుగా గీత కొట్టి, ఎడమవైపు వాళ్లు చెప్పినది, కుడివైపు మనకు తెలిసినది రాద్దామంది. ఆమె సంఘం పుస్తకంలో జమ, ఖర్చు అలాగే రాస్తుందట. నేను మోసుకెళ్లిన శిక్షణ పుస్తకంలో ఇంత పనికొచ్చే పేజీ లేదు.

మర్నాడు ఊళ్లోకి వెళ్లాం. రాబర్ట్ చాంబర్స్ లాంటివాళ్లు 1990ల నాటికి బాగా ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఒకటుంది. పటం మనం గీయకూడదు, ఊరివాళ్లే నేలమీద గీయాలి. రచ్చ దగ్గర చిమ్మి, ముగ్గుపిండి చేతికిచ్చి పక్కకి తప్పుకున్నాం. ఆడవాళ్లు ముందు వాగు గీశారు, తర్వాత ఇళ్లు, బడి, కాఫీ తోటలు. సిగ్నల్ వచ్చే చోట చింతపిక్కలు పెట్టమన్నాం. ఊళ్లో ఒక్క పిక్కా పడలేదు. పిక్కలన్నీ ఊరి బయట మెట్ట మీదున్న బండరాయి దగ్గర పోగుపడ్డాయి. ఓ కుర్రాడు వంగి, అందులోంచి రెండు పిక్కలు తీసి పనసచెట్టు కిందికి జరిపాడు. “అక్కడ మాట వినబడతాది గానీ నెట్టు రాదు” అన్నాడు. దానిమీద పెద్ద వాదులాట. రాత్రిపూట వస్తుందని ఒకరు, మబ్బు పడితే అస్సలు రాదని మరొకరు. అప్పుడు ఓ ముసలమ్మ, “చీకటి పడ్డాక ఆడగుంటలు ఆ మెట్టెక్కుతారేటి?” అంది. అంతా ఊరుకున్నారు. మా సర్వే పిల్ల ఒకమ్మాయి ఆ మాటను అక్షరం పొల్లుపోకుండా ఎడమవైపు రాసుకుంది.

ఆ మెట్టెక్కే తిప్పలు ఉపాధి పనికీ తప్పలేదు. 2023 జనవరి 1 నుంచి ఉపాధి పనుల హాజరు యాప్‌లోనే వేయాలని, రోజుకు రెండుసార్లు కూలీల ఫొటో తీయాలని నిబంధన పెట్టారు. మేట్‌గా చేసిన అబ్బాయి నవ్వుతూ చెప్పాడు: “ఫొటో కింద తీసినా, అది ఎక్కాలంటే నేను రాయెక్కాలి సార్.” సిగ్నల్ అందని 24,680 పల్లెలకు 4జీ ఇవ్వాలని 2022 జులైలో కేంద్ర మంత్రివర్గం నిర్ణయించింది. టవరు లేచినచోట కరెంటు పోతే ఏమవుతుందో, అది కూడా పిల్లలు అడగాల్సిన ప్రశ్నల్లో చేర్చాం.

సర్వేకి ఒప్పుకున్నట్టు సంతకమో వేలిముద్రో తీసుకోవాలని మమ్మల్ని పంపిన సంస్థ నిబంధన. మొదటి ఇంట్లోనే ఒకామె చెయ్యి కొంగులో దాచేసుకుంది. “ముద్దర ఏస్తే ఖాతాలో డబ్బులు పోతాయంట బాబూ” అంది. ఆమె భయం అమాయకత్వం కాదు. ఆధార్‌తో జోడించిన ఖాతాలో డబ్బు తీయడానికి బ్యాంకు మిత్ర దగ్గర వేలిముద్రే కదా తాళంచెవి. ఆ కాగితాలు మడిచి సంచిలో పెట్టేసి, నోటిమాటతోనే అనుమతి అడగమన్నాం. వద్దంటే లేచి వచ్చేయాలి, ఎందుకని అడగకూడదు.

ఆ సాయంత్రం అందరూ వెళ్లాక, ముసలమ్మ మాట రాసుకున్న ఆ అమ్మాయి ఆగింది. “సార్, మా వదిన ఇంట్లో తెలియకుండా ఇంకో సిమ్ము ఉంచుకుంది. నాతో చెప్పింది. రాయాలా?” అని అడిగింది. నేను జవాబివ్వలేదు, మర్నాడు అందరి ముందూ పేర్లు లేకుండా అడగమన్నాను. గంటసేపు వాదించుకున్నారు. ఆ సంగతి రాయకూడదని తేల్చారు. ఇంటివాళ్ల పేర్ల బదులు గుర్తులు పెట్టాలని, ఏ గుర్తు ఏ ఇంటిదో చెప్పే పుస్తకం ఊళ్లోనే ఉండాలని, నాకు కూడా చూపించకూడదని తీర్మానించారు. నాకు దక్కని ఆ పుస్తకమే ఈ శిక్షణ పనిచేసిందనడానికి రుజువు.

దిగి వచ్చే ముందు పిల్లలు రాసిందంతా రచ్చ దగ్గర చదివి వినిపించారు, కువిలో ఒకసారి, ఒడియాలో ఒకసారి. జనం రెండుచోట్ల దిద్దారు. ముసలమ్మ మాత్రం ముగ్గు పటం వైపు చూపించి, ఎప్పుడో ఎవరో ఇలాగే గీయించి ఫొటో పట్టుకుపోయారని, మళ్లీ మొహం చూపించలేదని గుర్తుచేసింది.

ఇలాంటి సర్వేలు చేయించే సంస్థలకు నా విన్నపం. ఈ పిల్లలు కాఫీ కోతకు వెళ్తే దొరికే కూలి వదులుకుని మీ ఫారాలు నింపుతున్నారు. సేవ అని పేరుపెట్టి సర్టిఫికెట్టు చేతిలో పెట్టకండి, రోజు కూలి కట్టి ఇవ్వండి. నివేదిక ఇంగ్లీషులో అచ్చువేసే ముందు, అదే ఊళ్లో వాళ్ల భాషలో చదివించి, వాళ్లు కొట్టేయమన్నది కొట్టేయండి.